కాంటా మీది లెక్క, కాగితం మీది లెక్క

(ఆచార్య కొత్తపల్లి జయశంకర్ స్మృతికి అంకితమిచ్చిన ఉపన్యాస పాఠం)

వానాకాలం పంట ఇంటికొచ్చే రోజుల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరికి పోయినా ‘కాంటా’ మాటే వినిపిస్తుంది. వడ్లు కాంటా అయినయా, పత్తి కాంటా పెట్టిన్రా, మిర్చి ఎన్ని క్వింటాళ్లు తూగింది అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఆరు నెలల కష్టం ఆ తూకం యంత్రం తెర మీద నాలుగంకెలై కనిపిస్తుంది. అదే ఇంట్లో అయిదో తరగతి చదివే పిల్ల ముందు ఇలాంటి లెక్క ఉంటుంది: ‘ఒక వ్యాపారి వద్ద 12 కిలోల 250 గ్రాముల చక్కెర కలదు. అందులో 4 కిలోల 750 గ్రాములు విక్రయించగా మిగిలినదెంత?’ కల్లంలో బస్తాలు లెక్కపెట్టిన పిల్ల ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతుంది. కూడాలా, తీసేయాలా అని పక్కనున్న పిల్లను అడుగుతుంది.

కల్లంలో పిల్లకు, పుస్తకం ముందు పిల్లకు మధ్య ఇంత దూరం ఎందుకొచ్చింది, దాన్ని బడి ఎలా దాటించాలి అన్నదే ఈ ఉపన్యాసానికి విషయం.

జయశంకర్ సార్ స్మృతిలో ఇలాంటి మాట చెప్పుకోవడానికి కారణముంది. 1934 ఆగస్టు 6న అక్కంపేటలో పుట్టి, 2011 జూన్ 21న కన్నుమూసిన ఆయన అర్థశాస్త్రం చదివారు, చెప్పారు, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. అన్నిటికన్నా ముఖ్యంగా, తెలంగాణకు రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అన్న ప్రశ్నను అంకెలతో సహా ఊరి జనానికి అర్థమయ్యేలా చెప్పారు. 2016 అక్టోబర్ 11న ఈ మూడు జిల్లాలు ఏర్పడినప్పుడు భూపాలపల్లికి ఆయన పేరు పెట్టారు. రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అని లెక్క తేల్చగలగడం ఆ జిల్లా పిల్లలకు అయిదో తరగతిలోనే అబ్బాల్సిన విద్య.

రాత లెక్క ఎదురైతే చాలామంది పిల్లలు చేసేది ఒకటే. చదవరు, అంకెలు ఏరుకుంటారు. రెండు అంకెలు దొరికాక వాటితో ఏం చేయాలో చెప్పే మాట కోసం వెతుకుతారు. ‘మొత్తం’ అని ఉంటే కూడిక, ‘మిగిలిన’ అని ఉంటే తీసివేత, ‘చొప్పున’ అని ఉంటే గుణకారం. ఇది వాళ్లంతట వాళ్లు కనిపెట్టిన దారి కాదు. గైడు పుస్తకాలు నేర్పాయి, పరీక్ష దగ్గరపడిన ఒత్తిడిలో కొన్నిచోట్ల బడి కూడా నేర్పింది. పదికి ఏడు లెక్కల్లో ఆ దారి పనికొస్తుంది కాబట్టి తప్పని ఎవరికీ తోచదు.

ఈ లెక్క చూడండి: ‘సంచిలోంచి 3 కిలోల 400 గ్రాముల మిరపకాయలు అమ్మాక 1 కిలో 850 గ్రాములు మిగిలాయి. మొదట సంచిలో ఎన్ని ఉన్నాయి?’ ‘మిగిలాయి’ కనపడగానే పెన్సిల్ తీసివేత గుర్తు పెడుతుంది, 1 కిలో 550 గ్రాములని జవాబొస్తుంది. మొదట ఉన్నవాటికన్నా అమ్మినవే ఎక్కువయ్యాయన్న సంగతి పిల్లాడికి తట్టదు. సరైన జవాబు 5 కిలోల 250 గ్రాములు. ‘కంటే’ ఉన్న లెక్కల్లోనూ ఇదే తంటా. ‘సోమ్లా బస్తా లక్ష్మి బస్తా కంటే 2 కిలోల 500 గ్రాములు తక్కువ. సోమ్లా బస్తా 37 కిలోల 500 గ్రాములు తూగింది. లక్ష్మి బస్తా ఎంత?’ తక్కువ అన్న మాట చూసి పిల్లలు 35 అని రాస్తారు. బస్తాలు రెండూ కళ్ల ముందు నిలబెట్టి, ఏది బరువు అని అడిగితే లక్ష్మిదే అంటారు. ఆ తర్వాత 40 అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1980 ప్రాంతంలో గణిత ఉపాధ్యాయులు ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఒక వింత ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలనే అటూ ఇటూ చేసి ఒక వయసు రాశారు. ఆ ప్రశ్నకు జవాబు లేదని వాళ్లకు తెలియక కాదు. బడిలో లెక్క ఇచ్చారంటే జవాబు ఉండి తీరాలని, ఇచ్చిన అంకెలన్నీ వాడి తీరాలని అప్పటికే నేర్చుకున్నారు. స్టెల్లా బారుక్ 1985లో దీని మీద పుస్తకమే రాశారు. గొర్రెల స్థానంలో క్వింటాళ్లు పెట్టి అడిగినా మన బడుల్లో ఫలితం దాదాపు అలాగే వస్తుంది.

రాత లెక్క తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. 11వ శతాబ్దపు పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత ‘గణితసార సంగ్రహా’న్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో కావ్యం ఇంకా తొలి అడుగులు వేస్తున్న కాలంలోనే లెక్క కూడా తెలుగు మాట్లాడింది. 1150లో భాస్కరుడి ‘లీలావతి’ ఒక పిల్లను పిలిచి ప్రశ్న అడిగే తీరులో నడుస్తుంది. ఈ పుస్తకాల్లో లెక్కంటే ముందు ఒక సంగతి, ఆ తర్వాతే అంకె. చదివేవాడు సంగతిని ఊహించుకోకుండా అంకె దగ్గరికి పోలేడు. మన పాఠాల్లో సన్నబడిపోయింది ఆ సంగతే. ‘ఒక వ్యాపారి’కి పేరుండదు, ఊరుండదు, చక్కెర ఎందుకు అమ్మాడో ఎవరికీ పట్టదు.

బరువు లెక్కలకు మరో చిక్కుంది. మెట్రిక్ కొలత మన ఇళ్లలోకి వచ్చి ఎక్కువ కాలమేం కాలేదు. తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలయ్యాయి. 1958 అక్టోబర్ 1 నుంచి కిలో, గ్రాము మొదలై, 1962 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటా తప్పనిసరయ్యాయి. అంతకుముందు 80 తులాలు ఒక శేరు, 40 శేర్లు ఒక మణుగు అన్నది సర్కారు లెక్క. తులం 11.66 గ్రాములు, శేరు 933 గ్రాములు, మణుగు 37 కిలోల పైచిలుకు. ఊరి శేరు మాత్రం ఊరికో తీరుగా ఉండేది. చట్టం మారినా ఇంటి నోట అద్దపావు, పావుకిలో, కిలోంబావు, కిలోన్నర నిలిచిపోయాయి. బంగారం దగ్గరికొస్తే తులం ఇంకా రాజ్యమేలుతోంది. ఇప్పుడు చాలా దుకాణాల్లో తులమంటే 10 గ్రాములే, నాయనమ్మ లెక్కలో 11.66. ఆ తేడా ఎన్ని రూపాయలో ఏ రోజు ధరతోనైనా ఏడో తరగతి పిల్లలు కట్టి చూపించవచ్చు.

ఇంటి మాటను బడి తోసిపుచ్చకూడదు. అద్దపావు అంటే 125 గ్రాములని, ముప్పావు కిలో అంటే 750 అని పిల్లల నోటనే చెప్పించి నల్లబల్ల మీద రెండు వరుసల్లో రాస్తే, కిలోలో వెయ్యి గ్రాములన్న సంగతి బట్టీ పట్టకుండానే ఒంటబడుతుంది.

ఎక్కువ మంది తప్పేది దశాంశ బిందువు దగ్గర. 3 కిలోల 50 గ్రాములను కిలోల్లో రాయమంటే 3.50 అని రాస్తారు. ఇందులో పిల్లల అజాగ్రత్త ఏమీ లేదు. బిందువును వాళ్లకు మొదట పరిచయం చేసింది రూపాయి. 3 రూపాయల 50 పైసలు 3.50 అయినప్పుడు 3 కిలోల 50 గ్రాములు ఎందుకు కాకూడదు? రూపాయికి వంద భాగాలు, కిలోకు వెయ్యి, అందుకే బిందువు తర్వాత మూడు ఇళ్లు కావాలి. ఈ మాట చెప్పి వదిలేస్తే నిలవదు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా మీద 50 గ్రాముల రాయి పెడితే 0.050 అని పడుతుంది, 500 గ్రాములు పెడితే 0.500 అని. ఆ రెండూ పక్కపక్కన చూసిన పిల్ల మళ్లీ అంత సులువుగా తప్పదు. 3.050కి, 3.50కి తేడా 450 గ్రాములు. అది ఎండుమిర్చి అయితే ఏ ఇంటికీ చిన్న నష్టం కాదు.

ఇక్కడ 2025 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనాన్ని చెప్పుకోవాలి. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలు, సరుకులు అమ్మే పిల్లలను పరిశీలించారు. మొత్తం 1,436 మంది. పరిశోధకులు కొనేవాళ్లలా వెళ్లి, మామూలుగా ఎవరూ అడగని తూకాలు అడిగారు. కిలో 20 రూపాయల ఆలుగడ్డలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిగడ్డలు కిలో 400 గ్రాములు, మొత్తం ఎంత? పదహారు, ఇరవై ఒకటి, కలిపి 37 అని దాదాపు అందరూ కాగితం లేకుండానే చెప్పారు. అదే పిల్లలకు బడి తరహా లెక్క కాగితం మీద ఇస్తే సగానికి సగం మంది తడబడ్డారు. బజారు మొహం చూడని బడి పిల్లల సంగతి దీనికి తలకిందులు. కాగితం మీద మెరుగు, బజారు లెక్కలో వెనకడుగు.

బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో 1985లోనే నూనెస్, కరాహెర్, ష్లీమన్ అనే పరిశోధకులు ఇలాంటిదే చూపారు. వీధిలో అమ్ముకునే అయిదుగురు పిల్లలు బేరంలో వందకు 98 సరైన జవాబులిచ్చారు. కథ చెప్పి అడిగితే 74, ఉత్త అంకెలిస్తే 37. నలభై ఏళ్ల తేడాతో రెండు ఖండాల్లో ఒకే ఫలితం వచ్చింది. పిల్లల తల లోపల రెండు లెక్కలు పక్కపక్కనే ఉన్నాయి, వాటి మధ్య దారి వేసేవాళ్లు లేరు. ఆ దారి వేయగలిగే చోటు బడి ఒక్కటే. ఎందుకంటే బజారుకు కాగితం అవసరం లేదు, కాగితానికి బజారు కనపడదు.

దారి వేయడానికి కావాల్సిన సరంజామా ప్రతి సర్కారు బడిలోనూ ఉంది. మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150, 30, 75, ఏడున్నర గ్రాములు. ఇంతకన్నా మంచి బరువు లెక్క ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఇవాళ 46 మంది వచ్చారు. బియ్యం 4,600 గ్రాములు, అంటే 4 కిలోల 600. పప్పు 920 గ్రాములు, కిలోకు 80 తక్కువ. కూరగాయలు 2 కిలోల 300. రేపు ఊళ్లో పెళ్లుంది, 31 మందే వస్తారు, అప్పుడెంత? 25 కిలోల బియ్యం బస్తా ఎన్ని రోజులొస్తుంది? హాజరు రోజూ మారుతుంది కాబట్టి లెక్క ఏ రోజూ పాతబడదు. తేలిన జవాబు గంట తర్వాత కంచంలోకి వస్తుంది కాబట్టి అబద్ధపు లెక్క అని ఎవరూ అనలేరు.

ఈ పని వంటామెతో కలిసి చేయాలి. ఆమె డబ్బాతో కొలిచి పోస్తుంది. ఆ డబ్బాకు బియ్యం ఎన్ని గ్రాములు, కందిపప్పు ఎన్ని గ్రాములు అని పిల్లలు తూచి చూస్తే, ఒకే డబ్బా నిండా పోసినా బరువులు వేరని తెలుస్తుంది. పరిమాణం వేరు, బరువు వేరు అని చెప్పడానికి పై తరగతుల దాకా ఆగనక్కర్లేదు.

బడి సంచీ కూడా ఒక లెక్కే. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒకటి, రెండు తరగతుల సంచీ కిలోన్నర దాటకూడదని, మూడు నుంచి అయిదు వరకు రెండు మూడు కిలోలని, పదో తరగతికి 5 కిలోలని పరిమితి పెట్టింది. 2020 జాతీయ విధానం పిల్లల బరువులో పదో వంతు దాటొద్దంది. 26 కిలోల పిల్లకు 2 కిలోల 600 గ్రాములు. మోసే సంచీని తానే తూచి, పరిమితికన్నా ఎంత ఎక్కువో రాసుకున్న పిల్లకు భేదం అన్న మాట మళ్లీ వివరించాల్సిన పని ఉండదు. చెల్లెలికి అంగన్‌వాడీలో ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం పొట్లం రోజుకు 100 గ్రాముల చొప్పున ఎన్నాళ్లు రావాలో మూడో తరగతి పిల్లాడు చెప్పగలడు. పొట్లం ముందే అయిపోతే ఎందుకైందో కూడా ఇంట్లో అడుగుతాడు.

తూచడానికి ముందు అంచనా వేయించాలి. ఈ ఇటుక ఎంత ఉంటుంది, ఈ గుమ్మడికాయ ఎంత, ఈ నోట్‌బుక్ ఎంత? చేత్తో ఎత్తి చెప్పించి, రాయించి, అప్పుడు కాంటా మీద పెట్టాలి. ఈ అలవాటు లేకనే లారీ బరువు 8 కిలోలని, కోడిగుడ్డు బరువు 5 కిలోలని జవాబు రాసినా పిల్లలకు అనుమానం రాదు. వాళ్ల మనసులో కిలోకు ఒక బరువంటూ లేదు, కిలో వాళ్లకు అంకె పక్కన రాసే అక్షరం మాత్రమే.

ఇక భాష సంగతి. మహబూబాబాద్ జిల్లా తండాల బడి. ఇంట్లో లంబాడాల గోర్ బోలీ, తరగతిలో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. 2022-23 నుంచి రాష్ట్రంలోని సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తెచ్చినప్పుడు రెండు భాషల పుస్తకాలిచ్చారు. రెండు పేజీల్లోనూ తన ఇంటి భాష లేని పిల్ల రాత లెక్కలో రెండు పరీక్షలు రాస్తోంది, మొదటిది భాషది, రెండోది గణితానిది. మొదటి దాంట్లో తప్పితే రెండో దాంట్లో సున్నా పడుతుంది. ‘చొప్పున’, ‘పోగా’, ‘సమానంగా’, ‘సరాసరి’, ‘విక్రయించగా’ వంటి మాటలు తెలుగిళ్ల పిల్లలు కూడా ఇంట్లో వినరు. వాళ్లు వినేది ‘తలా ఇంత’, ‘ఒక్కొక్కలకు ఎంత’, ‘అమ్మినంక ఎంత మిగిలె’.

అలాంటప్పుడు లెక్కను మొదట చెప్పించాలి, తర్వాతే చేయించాలి. అంకెలు తీసేసి కథ ఒక్కటే చదివి, ఏం జరిగిందో ఎవరి మాటలో వాళ్లను చెప్పమనాలి. గోర్ బోలీలో చెప్పినా సరే, తరగతిలో ఒక్క పిల్ల దాన్ని తెలుగులో అందుకుంటుంది. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, సంచి ముందు బరువా, తర్వాత బరువా అన్నది తేలాక అంకెలు తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత ఒక బొమ్మ. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. మొత్తానికి ఒక పొడుగు పట్టీ గీసి, తెలిసిన ముక్కలు గుర్తించి, తెలియని ముక్క దగ్గర ప్రశ్న గుర్తు పెడతారు. మిరపకాయల సంచి లెక్కలో పట్టీ గీస్తే అమ్మినది ఒక ముక్క, మిగిలింది ఒక ముక్క, అడిగింది మొత్తం పట్టీ. ‘మిగిలాయి’ అన్న మాట ఇక ఎవరినీ మోసం చేయలేదు. గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో చెప్పిన నాలుగు మెట్లలో, అంటే అర్థం చేసుకో, దారి ఆలోచించు, చెయ్యి, వెనక్కి చూడు అన్నవాటిలో, మన బడులు మూడో మెట్టు మీదే రోజంతా నిలబడుతున్నాయి.

అయిదో తరగతి దాటిన పిల్లలకు అసలు పుస్తకం తూకం చీటీ. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు క్వింటాల్‌కు మద్దతు ధర 2,389 రూపాయలు. ఒక రైతు 40 కిలోల బస్తాలు 60 తెచ్చాడనుకుందాం. 2,400 కిలోలు, 24 క్వింటాళ్లు, 57,336 రూపాయలు. గోనె సంచి దాదాపు 600 గ్రాములుంటుంది కాబట్టి కాంటా మీద ఒక్కో బస్తా 40 కిలోల 600 గ్రాములు చూపితే సరిపోతుంది. తేమ అని, తాలు అని, తరుగు అని 42 కిలోలు చూపేదాకా వడ్లు పోయమంటే? బస్తాకు అదనంగా కిలో 400 గ్రాములు, 60 బస్తాలకు 84 కిలోలు. కిలో 23 రూపాయల 89 పైసల లెక్కన 2,006 రూపాయల 76 పైసలు. లెక్క ఊహించినదే గానీ, తరుగు మీద గొడవ ఈ జిల్లాల్లో ఏ రైతుకూ ఊహ కాదు. రెండోప్రపంచ యుద్ధ కాలంలో నిజాం సర్కారు లెవీ ధాన్యం గుంజుకున్నది ఈ నేల మీదనే. పంట ఎవరిది, ఎవరికెంత అన్న గొడవలోనే పాలకుర్తి చాకలి ఐలమ్మ నిలబడింది, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది. గింజ లెక్క తెలిసి ఉండటం ఇక్కడ చదువు కోసమే అనుకోవడానికి లేదు.

పత్తిలో ఇంకా మంచి లెక్కలున్నాయి. తేమ 8 శాతం లోపుంటే భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆ పైన 12 శాతం దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోస్తుంది, 12 దాటితే కొనదు. 2025-26లో పొడుగు పింజ పత్తికి 8,110 రూపాయలు. తొమ్మిదో తరగతికి ఇలా అడగవచ్చు: 12 శాతం తేమ ఉన్న 100 కిలోల పత్తిని 8 శాతానికి ఆరబెడితే ఎంత తూగుతుంది? 96 అని పెద్దలు కూడా ఠక్కున చెప్తారు. నీళ్లు పోను ఉన్న పత్తి 88 కిలోలు. ఆరినాక అది మొత్తంలో 92 శాతం కావాలి. 88ని 0.92తో భాగిస్తే 95 కిలోల 650 గ్రాములు. ఇప్పుడు డబ్బు చూద్దాం. ఆరబెట్టకుండా అమ్మితే 4 శాతం కోతతో 7,785 రూపాయల 60 పైసలు, ఆరబెట్టి అమ్మితే దాదాపు 7,757 రూపాయలు. రెండింటికీ తేడా 28 రూపాయలే, అదీ ఆరబెట్టకుండా అమ్మినవాడికే లాభం. 13 శాతం ఉన్నవాడు మాత్రం ఆరబెట్టక తప్పదు. ఈ లెక్క చేసిన పిల్ల ఇంటికెళ్లి నాయనతో ఒక గంట మాట్లాడగలదు.

భూపాలపల్లిలో బరువు టన్నుల్లో నడుస్తుంది. సింగరేణి గనుల ఊళ్ల పిల్లలకు వెయ్యి కిలోలు ఒక టన్ను అని చెప్పి ఊరుకోవడం అన్యాయం. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. ఒక యూనిట్ కరెంటుకు స్థూలంగా 700 గ్రాముల బొగ్గు కాలుతుందనుకుంటే, 1,100 మెగావాట్లు ఒక రోజంతా నిండుగా నడవడానికి 18,480 టన్నులు కావాలి. 20 టన్నుల లారీలైతే 924. ఈ పెద్ద అంకెను ఇంటికి తీసుకురావాలంటే కరెంటు బిల్లు చాలు. నెలకు 90 యూనిట్లు వాడిన ఇల్లు 63 కిలోల బొగ్గు కాల్చింది.

మేడారం 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలోకి వెళ్లినా రెండేళ్లకోసారి జాతరకు మూడు జిల్లాల జనమూ అటే కదులుతారు. సమ్మక్క సారలమ్మలకు మొక్కిన పిల్లలను కాంటాలో కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం తూస్తారు, ఆ బంగారం బెల్లమని అందరికీ తెలుసు. 27 కిలోల 400 గ్రాములున్న పిల్లాడికి సుమారు రెండు కిలోల ముద్దలు ఎన్ని కావాలి, చివరి ముద్దలో ఎంత చెక్క కొట్టాలి? దుకాణదారు కాంటా ఎత్తేలోపు పిల్లలు చెప్పేయగలరు, అడిగేవాళ్లుంటే.

కాంటా నిజం చెబుతోందా అన్నది కూడా లెక్కలో భాగమే. తూనికలు కొలతల శాఖ ఎలక్ట్రానిక్ కాంటాలకు ఏటా, తూకపు రాళ్లకు రెండేళ్లకోసారి ముద్ర వేయాలి. పిల్లలు కొట్టుకెళ్లి ఆ ముద్ర వెతకాలి. ఆ రాయి సరైనదని చెప్పే రాయి జిల్లాలో, దాన్ని సరిచూసే రాయి రాష్ట్రంలో, చివరికి ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో 57వ నంబరు ప్లాటినం-ఇరిడియం కిలో. ప్రపంచమంతటికీ ఆధారమైన మొదటి కిలో 1889 నుంచి పారిస్ దగ్గర సేవ్ర్‌లో ఉంది. 2019 మే 20 నుంచి ఏ లోహపు ముక్కా అక్కర్లేకుండా ప్లాంక్ స్థిరాంకంతో కిలోను నిర్వచిస్తున్నారు. ‘కిలో ఇంతే అని ఎవరు చెప్పిన్రు సార్?’ అని అడిగే పిల్లలుంటారు. వాళ్లకు ఈ వరస మొత్తం చెప్పాలి.

పెద్దవాళ్లు కూడా ఈ లెక్క తప్పిన సందర్భం ఒకటుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా విమానమొకటి మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కు బయలుదేరాలి. 22,300 కిలోల ఇంధనం కావాలి, ట్యాంకుల్లో 7,682 లీటర్లుంది. లీటరుకు 0.8 కిలోల చిల్లర అని గుణించాల్సింది, లీటరుకు 1.77 అని గుణించారు. 1.77 పౌండ్ల లెక్క, కిలోలది కాదు. దాంతో 20,000 లీటర్లకు పైగా పోయాల్సిన చోట 4,916 లీటర్లే పోశారు. దారి మధ్యలో ఇంధనం అయిపోయి గాలిలోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్ నేర్పు వల్ల గిమ్లీ అనే ఊరి పాత వైమానిక స్థావరంలో విమానం దిగింది, 69 మందీ బతికారు. అక్కడ గుణకారం ఎవరూ తప్పలేదు, భాగహారం తప్పలేదు. అంకె పక్కన ఏ ప్రమాణమో చూడలేదు. ‘గ్రాములు’ అని రాయనందుకు ఒక మార్కు కోసే ఉపాధ్యాయుడు చాదస్తుడు కాడని పిల్లలకు నచ్చజెప్పడానికి ఈ ఒక్క కథ చాలు.

ఆ మార్కుల దగ్గరే మార్పు మొదలుపెట్టవచ్చు. నాలుగు మార్కుల రాత లెక్కలో ఇప్పుడు దాదాపు అన్నీ చివరి జవాబుకే పోతున్నాయి. కథను సొంత మాటల్లో రెండు వాక్యాల్లో చెప్పినందుకు ఒకటి, చేయకముందే వేసిన అంచనాకు ఒకటి, లెక్కకు ఒకటి, ప్రమాణం రాసి జవాబు నమ్మదగినదేనా అని సరిచూసినందుకు ఒకటి ఇవ్వాలి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ఒక ప్రశ్నను ఉపాధ్యాయుడు ఇవ్వకుండా పిల్లలే తయారు చేయాలి. ఇంట్లో ఉన్న ఒక తూకం చీటీ, రేషన్ రసీదు, కిరాణా బిల్లు తెచ్చి దాని మీద ఒక లెక్క కట్టి పక్క పిల్లకు ఇవ్వాలి. మనిషికి 6 కిలోల బియ్యం లెక్కన అయిదుగురి కార్డుకు 30 కిలోలు రావాలి, ఈ నెల రసీదు మీద ఎంతుంది అని తొర్రూరులో ఒక పిల్ల రాయవచ్చు, కాటారంలో ఒక పిల్లాడు నాయన లారీ వేబ్రిడ్జి చీటీ తేవచ్చు. కట్టిన లెక్కలో తప్పుంటే పక్క పిల్ల పట్టుకుంటుంది. ఇందుకు బడికి కావాల్సింది ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాంటా, ఒక తరాజు, 50 గ్రాముల నుంచి 2 కిలోల దాకా ఆరు పలకల ఇనప రాళ్ల జత, వారానికి రెండు పీరియడ్లు.